సల్మాన్ షోకెన్: బట్టలమ్మిన డబ్బుతో పుస్తకాలు కొన్న మనిషి (తరచుగా అడిగే ప్రశ్నలు)

జర్మన్‌లో రాసిన యూదు రచయిత కాఫ్కాని ఇంగ్లీషులో చదివినవాళ్లకి పుస్తకం మీద షోకెన్ అన్న పేరు ఎప్పుడో ఒకప్పుడు కనిపించే ఉంటుంది. ఏదో ప్రచురణ సంస్థ పేరులే అని దాటేస్తాం. ఆ పేరుగల మనిషి మొదట కొట్టులో సరుకు అమ్మాడు, తరవాత ఊరూరా కొట్లు పెట్టాడు, వచ్చిన డబ్బుతో పుస్తకాలు కొన్నాడు, కొన్నవాటిని బీరువాలో పెట్టి తాళం వేసుకోకుండా పండితుల ముందు పరిచాడు. ఆయన పేరెత్తితే ఇంచుమించు ఇవే ప్రశ్నలు వస్తుంటాయి, అందుకని అన్నీ ఒకచోట పెడుతున్నాను.

ఎవరీ షోకెన్? రెండు ముక్కల్లో చెప్పండి.

1877 అక్టోబరులో మార్గోనిన్ అనే చిన్న ఊళ్లో, ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. అప్పుడా ఊరు ప్రష్యా రాజ్యంలో పోజెన్ ప్రాంతంలో ఉండేది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. అన్న సైమన్‌తో కలిసి జర్మనీలోని పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ సంస్థల్లో ఒకటి నిలబెట్టాడు, హీబ్రూ, జర్మన్ పుస్తకాలు సుమారు 60,000 పోగేశాడు, బెర్లిన్‌లోనూ జెరూసలేంలోనూ న్యూయార్క్‌లోనూ ప్రచురణ సంస్థలు నడిపాడు. 1959 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని పొంట్రెసీనాలో చనిపోయాడు.

మిల్లు యజమానా, కొట్టు యజమానా?

కొట్టు యజమానే. బట్టల వ్యాపారి అనడంతో చాలామంది మగ్గాలు, మిల్లులు ఊహించుకుంటారు. కానీ ఆయన కొట్లు పెట్టిన చోటు చూస్తే ఆ పొరపాటు ఎందుకొస్తుందో అర్థమవుతుంది. 1901లో ఆయన తూర్పు జర్మనీ వైపున్న సాక్సనీలోని జ్వికావ్ అనే బొగ్గుగనుల ఊరికి వచ్చాడు, అక్కడ అన్న అప్పటికే ఒక స్టోరు నడుపుతున్నాడు. చుట్టుపక్కలంతా నేత, అల్లిక పనుల దేశం. దగ్గర్లోని కెమ్నిట్జ్‌ని సాక్సనీ మాంచెస్టర్ అని పిలిచేవాళ్లు, మేజోళ్లకి దానికి పేరు, లేసుకి ప్లావెన్‌కి పేరు. సరుకు తయారయ్యేదీ అక్కడే, కొనాల్సిన కూలీలు ఉండేదీ అక్కడే. 1907లో అన్నదమ్ములిద్దరూ తండ్రి ఇసాక్ పేరు కలిసొచ్చేలా 'ఐ. షోకెన్ జోనే', అంటే ఐ. షోకెన్ కొడుకులు అని కంపెనీ పెట్టారు.

చిన్న ఊళ్లలో మొదలైన కంపెనీ అంత పెద్దదెలా అయింది?

బెర్లిన్‌లో ధనవంతుల కోసం మెరిసిపోయే స్టోర్లు అప్పటికే ఉన్నాయి. షోకెన్‌లు వాళ్ల జోలికి పోలేదు. గని కార్మికుడు, మిల్లు కూలీ, చిన్న గుమాస్తా ఉండే ఊళ్లు వెతుక్కున్నారు. ఓల్స్‌నిట్జ్, ఔవె, ఫ్రైబెర్గ్, ఇలాంటి పేర్లు జర్మనీలో చాలామందికే తెలియవు. అన్ని కొట్లకీ కావలసిన సరుకు జ్వికావ్‌లోని కేంద్ర కార్యాలయమే కొనేది, పెద్ద మొత్తంలో కొంటుంది కాబట్టి ధర తగ్గేది, ఏది కొనాలో ఏది వద్దో కూడా అక్కడే తేల్చేవాళ్లు. రకాలు తక్కువ ఉన్నా పర్లేదు, ఉన్నది మన్నాలి అన్నది సల్మాన్ పట్టుదల. పేదవాడికి నాసిరకం సరిపోతుందిలే అనే లెక్క ఆయనకి గిట్టేది కాదు. ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే పుస్తకాలు వేసేటప్పుడు కూడా ఆయన సరిగ్గా ఇదే పద్ధతిలో నడిచాడు, నా దృష్టిలో ఈ మనిషి అర్థం కావాలంటే తాళంచెవి ఇదే.

1930 నాటికి సుమారు 20 స్టోర్లు అయ్యాయి. మధ్యలో 1929లో సైమన్ కారు ప్రమాదంలో పోయాడు. వ్యాపార భారమంతా సల్మాన్ మీద పడింది.

ఆర్కిటెక్చర్ చదివేవాళ్లు కూడా షోకెన్ పేరు చెబుతుంటారు, ఎందుకు?

ఎరిక్ మెండెల్‌సోన్ వల్ల. నురెంబర్గ్ (1926), స్టుట్‌గార్ట్ (1928), కెమ్నిట్జ్ (1930) స్టోర్లకి డిజైన్ ఆయనది. అప్పటిదాకా డిపార్ట్‌మెంట్ స్టోరంటే రాజభవనంలా స్తంభాలు, బొమ్మలు, నగిషీలు. మెండెల్‌సోన్ అవన్నీ తీసేసి, భవనం ఈ చివర నుంచి ఆ చివర దాకా పట్టీల్లాగా కిటికీలు పెట్టాడు, కెమ్నిట్జ్‌లో అయితే ముందుభాగం మొత్తం విల్లులా వంగి ఉంటుంది. రాత్రిపూట లోపలి దీపాలతో భవనమే ప్రకటన అయిపోయేది.

స్టుట్‌గార్ట్ భవనం యుద్ధాన్ని తట్టుకుంది గానీ శాంతిని తట్టుకోలేకపోయింది. ఎన్ని దేశాల నుంచి అభ్యంతరాలు వచ్చినా 1960లో కూల్చేశారు. ఆ కథ కింద కొట్ల ప్రశ్నలో ఉంది.

ఆయన ఏం చదువుకున్నాడు?

పెద్దగా ఏమీ లేదు. చిన్నప్పుడే కొట్టు పనిలో పడ్డాడు. మిగతాదంతా సొంతంగా, రాత్రిళ్లు కూర్చుని చదువుకున్నదే. జర్మన్ కవి గ్యోతే మీద ఆయనకి జీవితాంతం పోని మోజు. తరవాత యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్ జర్మన్‌లో చెప్పిన హసీదీ కథలు (తూర్పు ఐరోపా యూదు భక్తుల కథలు) చదివి యూదు సాహిత్యం వైపు తిరిగాడు. కాలేజీ గడప తొక్కని ఈయనే 1935 నుంచి 1945 దాకా జెరూసలేం హీబ్రూ యూనివర్సిటీ కార్యనిర్వాహక మండలికి అధ్యక్షుడిగా ఉన్నాడు. ప్రొఫెసర్లకి ఇది ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఏమేం పుస్తకాలు కొన్నాడు?

రెండు దారులు. ఒకటి జర్మన్ సాహిత్యం: తొలి ముద్రణలు, కవి నోవాలిస్ రాతప్రతులు, మరో కవి హైనె స్వహస్తంతో రాసిన కాగితాలు. రెండోది హీబ్రూ: 1500కి ముందు అచ్చయిన పుస్తకాలు, మధ్యయుగాల చేతిరాత ప్రతులు, ప్రార్థన గ్రంథాలు, కవిత్వం.

వీటిలో ఒక్కదాని గురించి చెప్పమంటే నురెంబర్గ్ మహ్జోర్ గురించి చెబుతాను. పండగ రోజుల ప్రార్థనలూ కీర్తనలూ ఉన్న తోలు కాగితాల గ్రంథం అది, 1331లో పూర్తయింది, 500 పైచిలుకు ఆకులు, ఒడిలో పెట్టుకుని చదివే సైజు కానే కాదు. శతాబ్దాల పాటు నురెంబర్గ్‌లోనే ఉండిపోయి, 1951లో అక్కడి నగర గ్రంథాలయం నుంచి షోకెన్ చేతికి వచ్చింది. ఎక్కడైతే ఆయన పేరుమీద స్టోరు ఉండేదో, ఏ ఊళ్లో అయితే నాజీ పార్టీ ఏటా మహాసభలు జరుపుకునేదో, ఆ ఊరి నుంచి.

డబ్బున్నవాళ్ల సరదా కాదా ఇదంతా? కొని అద్దాల బీరువాలో పెట్టుకోవడం?

అద్దాల బీరువా బాపతు మనిషైతే ఈయన గురించి ఇంత రాయక్కర్లేదు. 1930లో బెర్లిన్‌లో హీబ్రూ కవిత్వ పరిశోధనకి ఒక సంస్థ పెట్టి పండితులకి జీతాలిచ్చాడు. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

యూదుల్లో దేవుడి పేరున్న కాగితాన్ని పారేయకూడదని ఆచారం, చిరిగినా పాతబడినా ఒక గదిలో వేసి ఉంచుతారు. ఆ గదిని గెనీజా అంటారు. కైరోలో ఒక పాత ప్రార్థనా మందిరం గెనీజాలో దాదాపు వెయ్యేళ్ల కాగితాలు పేరుకుపోయి, 19వ శతాబ్దం చివర్లో బయటపడ్డాయి. లక్షల ముక్కలు, అవి కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్, ఇంకా ఎన్నో చోట్లకి చెదిరిపోయాయి. ఒకే కవిత మొదటి సగం ఒక దేశంలో, రెండో సగం ఇంకో దేశంలో. షోకెన్ సంస్థ చేసిన పని, కవిత్వం ఉన్న ముక్కల ఫొటోలు తెప్పించి ఒకే గదిలో పక్కపక్కన పెట్టడం. అన్ని కొట్ల సరుకూ జ్వికావ్‌కి తెప్పించుకున్న బుర్రే ఇక్కడా పనిచేసిందని నాకనిపిస్తుంది. అలా కూర్చుని అతికించగా అతికించగా యన్నై అనే కవి తిరిగొచ్చాడు. సుమారు 6వ శతాబ్దపు కవి, పేరు తప్ప కవిత్వం దాదాపుగా పోయిందనుకున్న మనిషి. సంస్థలోని మెనహెమ్ జులాయ్ ఆ కవితలన్నీ కూర్చి 1938లో పుస్తకంగా తెచ్చాడు. బెర్లిన్‌లో, 1938లో, హీబ్రూ పుస్తకం! తారీఖు మళ్లీ ఒకసారి చూసుకోండి.

అగ్నోన్‌కి నెలనెలా డబ్బులు పంపేవాడని విన్నాం, నిజమేనా?

నిజమే. హీబ్రూ రచయిత షమూయేల్ యోసెఫ్ అగ్నోన్ మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో జర్మనీలో ఉండేవాడు, అప్పటికి పెద్దగా పేరు లేదు. షోకెన్ ఆయన కథలు చూసి, ఈ మనిషి బతుకుతెరువు కోసం వేరే పని చేయకూడదని నిర్ణయించుకున్నాడు. మన పాత రాజులు కవికి అగ్రహారం రాసిచ్చినట్టు, రాసుకుంటూ ఉండు చాలు అన్నాడు. అగ్నోన్ అందుకు బదులుగా షోకెన్‌కి అరుదైన హీబ్రూ పుస్తకాలు వెతికిపెట్టేవాడు.

1924లో బాడ్ హోంబుర్గ్‌లో అగ్నోన్ ఇల్లు తగలబడి రాతప్రతులు, 4,000 పుస్తకాలు బూడిదైపోయాయి. ఆ దెబ్బకి ఆయన జెరూసలేం వెళ్లిపోయాడు. షోకెన్ చేయి వదల్లేదు. 1931లో అగ్నోన్ రచనలు సంపుటాలుగా వేయడంతోనే ప్రచురణ మొదలుపెట్టాడు. 1966లో అగ్నోన్‌కి నోబెల్ బహుమతి వచ్చింది, అది చూడ్డానికి షోకెన్ లేడు.

ఇంకొకటి, ఆయన ఆదరణ పొందినవాళ్లంతా సుఖంగా ఉన్నారని అనుకోవద్దు. డబ్బిచ్చే చేయి సలహాలు కూడా ఇస్తుంది.

హిట్లర్ వచ్చాక బెర్లిన్‌లో యూదు ప్రచురణ సంస్థ ఎలా నడిచింది?

వింతగా ఉంటుంది గానీ, నాజీల చట్టాల వల్లే కొన్నాళ్లు నడిచింది. యూదు రచయితల్ని మిగతా జర్మన్ ప్రచురణకర్తలు వేయకూడదు. యూదుల సంస్థ యూదుల రచనలు యూదు పాఠకులకి అమ్ముకోవచ్చు. వాళ్లని వేరు చేసి గోడ కట్టడం దాని ఉద్దేశం. షోకెన్ ఫెర్లాగ్ (ఫెర్లాగ్ అంటే జర్మన్‌లో ప్రచురణ సంస్థ) 1931లోనే పుట్టింది కాబట్టి ఆ గోడ లోపల పని చేయడానికి సిద్ధంగా ఉంది.

1933 చివర్లో చిన్న పుస్తకాల వరుస ఒకటి మొదలుపెట్టారు. జేబులో పట్టేవి, చవక, కానీ అచ్చు, కాగితం, అట్ట చూస్తే ముచ్చటేస్తుంది. మొదటి పుస్తకం బైబిల్లో యెషయా గ్రంథంలోని ఓదార్పు అధ్యాయాలు, బూబర్, రోజెన్‌జ్వైగ్‌ల జర్మన్ అనువాదంలో. "నా జనులను ఓదార్చుడి" అని మొదలయ్యే భాగం. ఉద్యోగాలు పోయి, కొట్ల మీద కాపలా పెట్టి, పిల్లల్ని బడుల్లోంచి వెళ్లగొడుతున్న ఏడాదిలో దాన్నే ఎంచుకున్నారంటే అది ఊరికే కాదు. 1938 దాకా అలా 80కి పైగా పుస్తకాలు వచ్చాయి. యూదుల మీద దేశమంతటా జరిగిన నవంబరు 1938 దాడుల తరవాత సంస్థని మూసేయించారు.

కాఫ్కా ఈయన చేతికెలా వచ్చాడు?

కాఫ్కా 1924లో చనిపోయాడు, స్నేహితుడు మాక్స్ బ్రోడ్ ఆయన రచనలు పట్టుకుని ప్రచురణకర్తల చుట్టూ తిరిగాడు. అమ్మకాలు అంతంతమాత్రం. 1933 తరవాత మిగతా జర్మన్ సంస్థలకి కాఫ్కాని వేసే దారి మూసుకుపోయింది. 1934లో షోకెన్ సంస్థ కాఫ్కా రచనల ప్రపంచ హక్కులు తీసుకుంది. షోకెన్ మొదట అంత ఉత్సాహంగా లేడంటారు, సంపాదకులు పట్టుబట్టారు, ఆయన సంతకం పెట్టాడు. ఆ సంతకమే ఇవాళ ఆయన పేరుని ప్రపంచమంతా మోస్తోంది.

1935లో సంపుటాలు రావడం మొదలైంది. ప్రవాసంలో ఉన్న జర్మన్ రచయిత క్లావుస్ మాన్ వాటిని తెగ మెచ్చుకుంటూ రాశాడు. మంచి ఉద్దేశంతోనే, కానీ ఆ మెప్పుతో నాజీ అధికారుల కళ్లు దాని మీద పడ్డాయి, ఇది యూదులకే పరిమితమైన పుస్తకం కాదని గ్రహించి ఆపేయమన్నారు. మిగతా సంపుటాలు ప్రాగ్‌లోని వేరే సంస్థ పేరుతో బయటికొచ్చాయి.

పుస్తకాలన్నీ జర్మనీ నుంచి ఎలా బయటపడ్డాయి?

ముందే కదిలాడు. అందులోనే ఉంది కిటుకంతా. చాలామంది ఈ గాలి వానా తగ్గుతాయిలే అని కూర్చున్న రోజుల్లో, 1934కల్లా కుటుంబంతో పాలస్తీనా చేరాడు. పుస్తకాలూ తరలించాడు, పరిశోధన సంస్థనీ మార్చాడు. జెరూసలేంలో మళ్లీ మెండెల్‌సోన్‌నే పిలిచి 1936కల్లా బాల్ఫోర్ వీధిలో గ్రంథాలయం కట్టించాడు. బయటంతా జెరూసలేం రాయి, ముందుకి గుండ్రంగా పొడుచుకొచ్చిన అద్దాల కిటికీ.

తన పుస్తకాలే కాదు. మ్యూనిక్ కవి కార్ల్ వోల్ఫ్‌స్కేల్ యూదుడు, దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది, చేతిలో డబ్బు లేదు, ఉన్నదల్లా వేల పుస్తకాల గ్రంథాలయం. 1937లో షోకెన్ దాన్ని తీసుకుని బదులుగా బతికినంతకాలం పింఛను ఇచ్చేలా ఒప్పందం చేసుకున్నాడు. వోల్ఫ్‌స్కేల్ న్యూజీలాండ్ వెళ్లి 1948లో అక్కడే పోయాడు. ఇది దయా, బేరమా అని అడిగితే రెండూనని చెబుతాను. ఆ రోజుల్లో ఒక కవికి జీవితాంతం పింఛను ఇచ్చే బేరం ఇంకెవరు చేశారు?

మరి కొట్లు ఏమయ్యాయి?

నాజీ పార్టీకి డిపార్ట్‌మెంట్ స్టోర్లంటే మొదట్నుంచీ కంటు. 1920 నాటి వాళ్ల ప్రణాళికలోనే పెద్ద స్టోర్లు లాక్కుని చిన్న వ్యాపారులకి తక్కువ అద్దెకిస్తామని రాసుకున్నారు. 1933 ఏప్రిల్ 1న యూదుల కొట్లన్నిటి ముందూ నిలబడి లోపలికెళ్లకండని అడ్డుకున్నారు. 1938లో షోకెన్ కంపెనీని బలవంతంగా అమ్మించారు, పేరు కూడా మెర్కూర్ అని మార్చేశారు.

యుద్ధం అయ్యాక తూర్పు జర్మనీలోకి పోయిన స్టోర్లు, అంటే కంపెనీ పుట్టిన సాక్సనీ మొత్తం, తిరిగి రాలేదు. పశ్చిమాన 1949లో మెర్కూర్‌లో 51 శాతం వాటా తిరిగిచ్చారు. ఆయన దాన్ని 1953లో హెల్ముట్ హోర్టెన్‌కి అమ్మేశాడు. ఈ హోర్టెన్ నాజీల కాలంలో యూదుల స్టోర్లు చవగ్గా కొని పైకొచ్చినవాడు. స్టుట్‌గార్ట్‌లో మెండెల్‌సోన్ భవనాన్ని 1960లో కూల్చి కొత్తది కట్టించిందీ ఆయన కంపెనీయే. షోకెన్ ఆయనకే ఎందుకు అమ్మాడు అని నన్ను చాలామంది నిలదీస్తారు. అప్పటికి షోకెన్ వయసు 75 దాటింది, జర్మనీకి తిరిగొచ్చి కౌంటర్ వెనక నిలబడే ఉద్దేశం లేదు, కొనగలిగే స్తోమత ఉన్నవాళ్లు కూడా అక్కడ వేళ్ల మీద లెక్కపెట్టేంతే. అయినా మింగుడుపడని విషయమే, కాదనను.

హారెట్జ్ పత్రిక వీళ్లదేనా?

అవును. ఇజ్రాయెల్‌లో హీబ్రూలో వచ్చే ఈ దినపత్రికని 1930లలో కొన్నాడు. కొడుకు గెర్షోమ్ 1939 నుంచి 1990లో చనిపోయేదాకా సంపాదకుడిగా ఉన్నాడు. ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది.

అమెరికా ఎందుకెళ్లాడు?

1940లో వెళ్లాడు, 1945లో న్యూయార్క్‌లో షోకెన్ బుక్స్ పెట్టాడు. జర్మన్ చదివే యూదు పాఠకలోకం అప్పటికి నేలమట్టమైంది, ఇక ఇంగ్లీషులో మొదలుపెట్టాలి. కాఫ్కా, బూబర్, యూదు మార్మికవాదం మీద గెర్షోమ్ షోలెమ్ పరిశోధన, ఇవన్నీ అమెరికా పాఠకులకి చేరడంలో ఈ సంస్థది పెద్ద చేయి. రాజకీయ తత్వవేత్త హన్నా ఆరెంట్ 1946 నుంచి 1948 దాకా ఇక్కడే సంపాదకురాలు. 1987లో సంస్థని రాండమ్ హౌస్ కొనుక్కుంది, పేరు మాత్రం అలాగే ఉంచారు.

మనిషిగా ఎలాంటివాడు?

మొండివాడు. చెప్పింది జరగాలి. కింద పనిచేసినవాళ్లకి టెన్షన్ తప్పేది కాదు, కొట్టులోనైనా ప్రచురణ సంస్థలోనైనా. ఎవరికీ పూర్తిగా అధికారం వదిలేవాడు కాదు, న్యూయార్క్ సంస్థ తొలినాళ్లలో నెమ్మదిగా నడవడానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం. ఇంకోపక్క, దేనికి ఖర్చు పెట్టాలో ఇంత స్పష్టంగా తెలిసిన ధనవంతులు అరుదు. లాభం రాదని తెలిసి కూడా పదేళ్లు పట్టే పరిశోధనకి జీతాలివ్వడం చిన్న విషయం కాదు.

కాఫ్కా రాతప్రతులు కూడా ఆయన దగ్గరే ఉండేవా?

దాచిపెట్టాడు, సొంతం కాదు. అసలు హక్కు కాఫ్కా మేనకోడళ్లది. బ్రోడ్ 1939లో వాటిని పాలస్తీనాకి తెచ్చాక జెరూసలేంలోని షోకెన్ గ్రంథాలయం ఇనప్పెట్టెలో భద్రపరిచారు. 1956లో సూయజ్ కాలువ గొడవ రావడంతో స్విట్జర్లాండ్ బ్యాంకుకి మార్చారు. 1961లో మాల్కమ్ పాస్లీ అనే ఆక్స్‌ఫర్డ్ పండితుడు జూరిక్ వెళ్లి, వారసుల అనుమతితో, వాటిని తన చిన్న ఫియట్ కారులో వేసుకుని ఇంగ్లండ్ దాకా నడుపుకుంటూ వచ్చాడు. బ్రోడ్ తన దగ్గరే ఉంచుకున్న ఇంకో భాగం మీద తరవాత ఇజ్రాయెల్ కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచిన కేసు వేరే, రెండిటినీ కలిపేయకండి.

ఇప్పుడా 60,000 పుస్తకాలు ఎక్కడున్నాయి?

ఒకచోట లేవు. జెరూసలేం గ్రంథాలయ భవనం 1961 నుంచి న్యూయార్క్‌లోని జ్యూయిష్ థియలాజికల్ సెమినరీ ఆధ్వర్యంలో షోకెన్ ఇన్‌స్టిట్యూట్‌గా నడుస్తోంది, హీబ్రూ సంపదలో పెద్ద భాగం అక్కడుంది. హైనె కాగితాలు 1966లో పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయానికి చేరాయి, హైనె చివరి పాతికేళ్లు బతికింది పారిస్‌లోనే కాబట్టి అదీ సబబే. నోవాలిస్ కాగితాలు ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లాయి. జర్మన్ పుస్తకాలు చాలావరకు వేలంలో పోయాయి. నురెంబర్గ్ మహ్జోర్‌ని కూడా వారసులు అమ్మారు, కొన్న కుటుంబం దాన్ని జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ప్రదర్శనకి ఇచ్చింది.

వారసులు చెదరగొట్టేశారని బాధపడేవాళ్లున్నారు. హీబ్రూ సంపద విషయంలో ఆ బాధ న్యాయమే. కానీ హైనె కాగితాలు చూడాలంటే షోకెన్ అనుమతి అడగాల్సిన రోజులకంటే, పారిస్ గ్రంథాలయంలో కార్డు తీసుకుని కూర్చునే రోజులే పరిశోధకులకి నయం.

జర్మనీలో ఉంటున్నాం, చూడ్డానికి ఏమైనా మిగిలిందా?

కెమ్నిట్జ్ వెళ్లండి. అక్కడి టెక్నికల్ యూనివర్సిటీలో చదివే మన తెలుగు పిల్లలు బోలెడుమంది, వాళ్లలో చాలామంది రోజూ ఆ భవనం ముందునుంచే ట్రామ్‌లో పోతుంటారు, ఏమిటో తెలియకుండా. వంపు తిరిగిన ఆ పాత స్టోరు 2014 నుంచి సాక్సనీ రాష్ట్ర పురావస్తు మ్యూజియం. అసలు ప్రదర్శన రాతియుగం నుంచి మొదలై పై అంతస్తులకి సాగుతుంది, అది బాగుంటుంది గానీ తొందరలో ఉంటే నేరుగా కిటికీల వెంబడి ఉన్న భాగాలకి వెళ్లండి. సల్మాన్ షోకెన్, మెండెల్‌సోన్, ఈ స్టోర్ల చరిత్ర అక్కడే పెట్టారు. సోమవారాలు జర్మనీ మ్యూజియాలు సాధారణంగా మూసి ఉంటాయి, బయల్దేరేముందు వేళలు చూసుకోండి.